కాస్త నలతగా ఉందట

తడి ఇంకా ఆరని ఫోను గుడ్డను బసవపున్నయ్య తీగ మీదనుంచి లాగి, రెండుసార్లు దులిపి, తువ్వాలులా భుజాన వేసుకున్నాడు.

"ఆరలేదండీ అది. సాయంత్రం జోజప్పతో పంపిస్తానన్నానుగా," అంది శివపార్వతి వంటింటి గుమ్మంలోంచి.

"కొట్టుకెళ్ళేలోగా ఆరుతుందిలే. మృగశిర వచ్చినా ఎండ తగ్గిందా ఏమన్నానా? ఆ గుడ్డ లేకపోతే యూరియా దుమ్మంతా ఫోనులోకి పోతోంది. మొన్న ఎ.కొండూరు ఆయనకి తుమ్ము తప్ప ఇంకేం వినపడలేదట."

"తుమ్మింది మీరేగా!"

"అదే చెప్తున్నా." నవ్వుకుంటూ చెప్పులు వేసుకున్నాడు.

అది డెబ్బై ఆరో సంవత్సరం, జూన్ నెల. వేరుశనగ విత్తనం కోసం ఆయన విజయవాడ వెళ్తున్నాడు. దారిలో కొట్టు దగ్గర ఆగి, ఫోను మీద గుడ్డ కప్పి, గుమాస్తా జోజప్పకు నాలుగు మాటలు చెప్పి బస్సెక్కుతాడు. చీకటి పడే వేళకు తిరిగొస్తాడు. ఎప్పుడూ జరిగేదే. పాలు పొంగుతున్న చప్పుడు విని శివపార్వతి లోపలికి వెళ్ళింది. ఆయన గేటు దాటడం చూడలేదు. అది చూడవలసిన సంగతి అని ఎవరికి తెలుసు?

బసవపున్నయ్యది పెనుగొలను. ఉన్న పొలం కౌలుకిచ్చి తిరువూరు మెయిన్ రోడ్డులో ఎరువులు, విత్తనాల కొట్టు పెట్టాడు. కొట్టుకు రెండు వీధుల అవతల ఇల్లు. పిల్లలు లేరు. గొంతు పెద్దది, మనసు మెత్తన. వీధిలో ఎవరింట్లో ఏడుపు వినపడినా ఆ పూట ఆయనకు అన్నం సహించేది కాదు. అలాంటి మనిషి కొట్టులోకి ఫోను వచ్చింది.

నల్లగా, ఇనపముక్కలా బరువుగా ఉండేది. రిసీవరు ఎత్తితే ఎక్స్ఛేంజిలో అమ్మాయి పలికేది. ఏ ఊరు కావాలో, ఏ నంబరు కావాలో చెప్పి, పెట్టేసి కూర్చోవాలి. ట్రంకు కాల్ కలిసేలోగా ఒక్కోసారి టీ తాగి రావచ్చు, ఒక్కోసారి క్షవరం చేయించుకుని రావచ్చు. ఆ బజారులో ఫోను ఉన్నవాళ్ళు కొద్దిమందే. మిగిలినవాళ్ళు శుభలేఖల మీదా ఉత్తరాల మీదా బసవపున్నయ్య నంబరే వేసుకుని, పక్కన పి.పి. అని పెట్టుకునేవాళ్ళు. ఫోను మాది కాదు, ఉన్నాయన మమ్మల్ని పిలిచి పెడతాడు అని దానర్థం. పిలిచి పెట్టడం జోజప్ప పని. కాల్ రాగానే సైకిలెక్కి వీధుల్లో పడేవాడు. మనిషిని తీసుకొచ్చేసరికి లైను తెగిపోతే, మళ్ళీ వస్తుందని వాళ్ళని యూరియా బస్తాల మీద కూర్చోబెట్టేవాడు. ఎరువు కొనేవాళ్ళ కంటే ఫోను కోసం కాచుకున్నవాళ్ళే ఎక్కువగా ఉండేవాళ్ళు ఆ కొట్లో.

రెడ్డిగూడెం తోటలవాళ్ళు పొద్దున్నే వచ్చి, విజయవాడ మార్కెట్టులో మామిడి ఎలా పోతోందో కనుక్కుని, ఆ రోజు కాయ కొయ్యాలో మానాలో తేల్చుకునేవాళ్ళు. పక్కకొట్టు అంకారావు పెద్దకూతురికి కాన్పు కష్టమైతే, మైలవరం డాక్టరమ్మకు ముందే ఫోను చేసి ఉంచబట్టి తల్లీ బిడ్డా దక్కారు. అదే అంకారావు రెండో కూతురి సంబంధం మాటలు అదే ఫోనులో మాట్లాడాడు. బస్తాల మీద కూర్చున్నవాళ్ళందరూ విన్నారు. సాయంత్రానికి ఊరంతా పాకింది. సంబంధం తప్పిపోయింది. ఆ తర్వాత చాలాకాలం అంకారావు ఆ కొట్టు గడప తొక్కలేదు.

"నువ్వలా అరిస్తే ఫోనెందుకయ్యా? రోడ్డు మీద నిలబడి అరువు, సత్తుపల్లి దాకా వినపడుతుంది," అని బసవపున్నయ్య ముందే అన్నాడు కూడా.

రాత్రి భోజనాల దగ్గర భార్యతో ఆయనే ఇంకోలా అనేవాడు. "ఏమో పార్వతీ, ఇది మంచిదో చెడ్డదో తెలియడం లేదు. ఇదివరకు కబురు నడిచొచ్చేది. మన దాకా వచ్చేసరికి కాస్త చల్లారేది. ఇప్పుడు పొయ్యి మీదనుంచి దించి తిన్నగా చేతిలో పెట్టేస్తున్నారు."

చేతిలో పెట్టేటప్పుడు కాలకుండా ఉండాలని ఆయన తాపత్రయం. చావుకబురును చావుకబురుగా ముఖాన చెప్పే అలవాటు ఆ చుట్టుపక్కల ఎవరికీ లేదు. ఒంట్లో బాగాలేదంటారు. విన్నవాళ్ళు సగం తెలిసీ, తెలియనట్టే బయల్దేరతారు. బసవపున్నయ్య దాన్ని ఇంకా మెత్తబరిచాడు. "కాస్త నలతగా ఉందట, రమ్మంటున్నారు." ఇదీ ఆయన మాట. జోజప్పకూ అదే నేర్పాడు.

"ఒట్టెయ్యమంటే ఒట్టెయ్యి జోజప్పా. వాళ్ళు నాలుగు మెతుకులు తిని బస్సెక్కడం ముఖ్యం. నిజం అక్కడికెళ్ళాక ఎలాగూ తెలుస్తుంది."

జోజప్ప ఒట్టేసేవాడు. ఒకసారి సిలువ మీద కూడా వేశాడు. తర్వాత మనసు పీకి, శనివారం గుడికి వెళ్ళి ఫాదరుగారి దగ్గర పాపసంకీర్తనం చేసేవాడు. ఫాదరుగారికీ అలవాటైపోయింది. "ఈ వారం ఎంతమందికి నలత చేసిందయ్యా?" అని ఆయనే ముందు అడిగేవాడట. ఈ సంగతి విని బసవపున్నయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఆ పాపం నాదని చెప్పు మీ ఫాదరుగారితో. పుణ్యం ఏమన్నా మిగిలితే నువ్వు తీసుకో."

అంతోనయ్య మాస్టారి సంగతి మాత్రం నవ్వుకునేది కాదు. గుంటూరులో ఆయన తమ్ముడు పోయాడని కాల్ వచ్చింది. బసవపున్నయ్య స్వయంగా వెళ్ళి నలత అని చెప్పాడు. మాస్టారు గట్టి మనిషి. "నిజం చెప్పండి. ఉన్నాడా?" అని చెయ్యి పట్టుకున్నాడు. బసవపున్నయ్య ఆ చేతి మీద తన చెయ్యి వేశాడు. "అయ్యో, ఉండకపోవడమేమిటండీ! ఇందాకే లేచి కూర్చుని కాఫీ తాగాడట," అనేశాడు.

పూడ్చిపెట్టి వచ్చాక మాస్టారు కొట్టుకొచ్చాడు. బస్తా మీద కూర్చున్నాడు.

"కాఫీ తాగాడన్నారే," అన్నాడు. "దారంతా ఆ కాఫీయే పట్టుకుని వెళ్ళానండీ."

అది నిష్ఠూరమో, దండమో బసవపున్నయ్యకు తెలియలేదు. ఆ రాత్రి శివపార్వతిని అడిగాడు. ఆమెకూ తెలియలేదు.

బసవపున్నయ్య విజయవాడ వెళ్ళిన ఆ రోజు మధ్యాహ్నం శివపార్వతి ఆవకాయ జాడీకి కొత్తగుడ్డ వాసెన కడుతోంది. గేటు చప్పుడైంది. జోజప్ప సైకిలుకు స్టాండు వెయ్యకుండా గోడకు ఆనించి లోపలికొచ్చాడు.

"అమ్మగారూ, అయ్యగారికి విజయవాడలో కాస్త నలతగా ఉందట. రమ్మంటున్నారు."

అనేసి, నాలుక కరుచుకున్నాడు. ఇన్నేళ్ళుగా ఈ పనికి వాడిన మాటలు అవే. నోటికి ఇంకో మాట రాలేదు.

శివపార్వతి చేతిలో గుడ్డ అలాగే ఉంది. "ఎవరు చేశారు?"

"విత్తనాల కంపెనీలో గుమాస్తా అమ్మా. ఎండలో తూలి పడ్డారట. పెద్దాసుపత్రిలో చేర్చారట. అంతలో లైను తెగింది."

"నలత అని అతనన్నాడా, నువ్వంటున్నావా?"

జోజప్ప నేల చూశాడు. "ఒంట్లో బాగాలేదన్నాడమ్మా అతను. నలత... నేనన్నాను."

"నిజం చెప్పు."

"నిజమేనమ్మా. ఒట్టు."

ఆ ఒట్టు వినగానే ఆమె చేతిలో గుడ్డ జాడీ మీద వదిలేసి లేచింది.

ఎదురింట్లో ఉండే ఆడపడుచు సుబ్బాయమ్మ అప్పటికే పరుగున వచ్చింది. బసవపున్నయ్యకు అక్క. తమ్ముడి తీరు ఆమెకు తెలియనిది కాదు. నలత అన్న మాట చెవిన పడగానే గుండెలు బాదుకుంది. ఇరుగుపొరుగు పోగయ్యారు. ఎవరూ ఏమీ అడగలేదు. ఎవరో హాల్లో మంచం తీసి వసారాలో నిలబెట్టారు. ఇంకెవరో చాపలు దులిపారు. ఆ పనులెందుకో చెప్పుకోనక్కర్లేదు.

శివపార్వతి తమ్ముడు జగన్నాథరావు సమితి ఆఫీసులో గుమాస్తా. బజారులో ఉన్న ఒక్క టాక్సీనీ మాట్లాడుకుని ఇంటిముందు ఆపించాడు. శివపార్వతి చీరైనా మార్చుకోకుండా వెళ్ళి టాక్సీ తలుపు పట్టుకుంది.

"నేనూ వస్తాన్రా."

"నువ్వెక్కడికే!" సుబ్బాయమ్మ చెయ్యి పట్టి లాగింది. "మగవాళ్ళెళ్ళి తీసుకొస్తారు. వచ్చేటప్పుడు ఆ బండిలో నువ్వెక్కడ కూర్చుంటావు? వాడినెక్కడ పడుకోబెడతారు? ఆలోచించావా?"

"వదినా, ఆయన ఉన్నారేమో..."

"ఉంటే నలతని ఎందుకంటాడే జోజప్ప?"

జగన్నాథరావు ఆమె వేళ్ళను తలుపు మీదనుంచి మెల్లగా తప్పించాడు.

"అక్కా, నువ్వుండు. వెళ్ళగానే ఫోను చేస్తాను. ఉన్నదున్నట్టే చెప్తాను, సరేనా?"

టాక్సీ వెళ్ళిపోయింది. ఆమె హాల్లో గోడకానుకుని కూర్చుంది. ఏడుపు రాలేదు. ఏడవకపోతే చూసేవాళ్ళు ఏమనుకుంటారో అనిపించింది. ఆయన బతికుంటే ఈ ఏడుపు అశుభం కదా అని కూడా అనిపించింది. చెమటకు నుదుటి బొట్టు సగం కారిపోయింది. సాయంత్రమైతే ముఖం కడుక్కుని, జడేసుకుని, బొట్టు దిద్దుకోవడం ఆమె అలవాటు. ఆ వేళ లేచి అద్దం దాకా వెళ్ళింది. దిద్దుకోవాలా? దిద్దుకుంటే వీళ్ళంతా ఏమంటారు? దిద్దుకోకపోతే, ఆయన అక్కడ ఊపిరి తీస్తూ ఉంటే, తను ఇక్కడ ఏం చేస్తున్నట్టు? సగం బొట్టుతోనే వచ్చి మళ్ళీ గోడకానుకుంది. అద్దానికి ఎవరో గుడ్డ కప్పడం కంటికొసన కనపడింది.

దీపాలు పెట్టే వేళ జోజప్ప మళ్ళీ వచ్చాడు. పరుగెత్తినవాడిలా రొప్పుతున్నాడు.

"అమ్మా, జగన్నాథరావుగారు చేశారు. అయ్యగారు బతికే ఉన్నారటమ్మా! గుండెనొప్పట. ఇప్పుడు తేలిగ్గా ఉందట. లేచి కూర్చుని..." అని ఆగిపోయాడు.

"కూర్చుని?"

"మజ్జిగ తాగారటమ్మా. మిమ్మల్ని రమ్మంటున్నారట. ఆఖరి బస్సుకైనా ఎక్కమన్నారు."

సుబ్బాయమ్మ బావురుమంది. "ఆ రోజు మాస్టారి తమ్ముడు కాఫీ తాగాడు. ఇవాళ నా తమ్ముడు మజ్జిగ తాగాడు! వాడు నేర్పిన మాటలే వాడి మీదికి తెచ్చారు కదరా!"

"కాదమ్మా, నిజంగా..."

"నోర్ముయ్యి. వాళ్ళు వచ్చేదాకా ఇది కూలిపోకుండా ఉండాలని అలా చెప్పించాడు జగన్నాథం. ఆ మాత్రం తెలియదా నాకు?"

వసారాలో మగవాళ్ళు తలలూపారు. అంకారావు జోజప్ప భుజం తట్టి, "కొట్టు పూర్తిగా కట్టెయ్యవయ్యా. యజమాని పోయిన రోజు సగం తలుపు తెరిచి ఉంచితే బాగోదు," అన్నాడు. జోజప్ప కట్టేసే వచ్చానన్నాడు. కబురు చెప్పాలన్న ఆత్రంలో ఫోను దగ్గర ఎవరినీ కూర్చోబెట్టకుండానే తాళం వేసి వచ్చాడు.

శివపార్వతికి టాక్సీ దగ్గరి మాట గుర్తొచ్చింది. తమ్ముడు ఉన్నదున్నట్టే చెప్తానన్నాడు. కానీ ఇలాంటి వేళ ఎవరు ఉన్నదున్నట్టు చెప్పారు కనక? ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళే కదా అందరూ. లేచి కూర్చున్నాడనడం, ఏదో తాగాడనడం. విన్నవాళ్ళ కళ్ళ ముందు గ్లాసు కనపడితే ప్రాణం కనపడినట్టే ఉంటుందని ఆయనే చెప్పేవాడు. మరి నిజంగా తాగితే ఏమని చెప్పాలి? ఆ సంగతి ఆయన ఎవరికీ నేర్పలేదు.

ఆమెకు మజ్జిగ గ్లాసు కనపడుతోంది. ఆయన మూతి మీద తెల్లటి గీత కనపడుతోంది. అది నిజమో, ఎవరో చేతికిచ్చి పంపిన బొమ్మో తెలియడం లేదు. ఒకసారి లేచింది. మళ్ళీ కూర్చుంది. సుబ్బాయమ్మ ఆమె తల తన ఒళ్ళోకి లాక్కుని నిమరసాగింది. ఆ చేతికింద కాసేపు ఏ ఆలోచనా లేకుండా పడుకుంది. ఎంతసేపో తెలియదు. వీధిలో దీపాలు వెలిగాయి. ఎవరో కాఫీ తెచ్చి, తాగమని బతిమాలి, చల్లారాక తీసుకెళ్ళిపోయారు.

జోజప్ప ఇంకా గుమ్మం దగ్గరే గొంతుక్కూర్చుని ఉన్నాడు. అతన్ని ఎవరూ పొమ్మనలేదు, ఉండమనలేదు. శివపార్వతి అతని వైపు చూసింది. చూసి, లేచి కూర్చుంది.

"జోజప్పా, ఇటు రా."

వచ్చాడు.

"నువ్విప్పుడు చెప్పింది, శనివారం మీ ఫాదరుగారి దగ్గర చెప్పుకోవలసిన మాటేనా?"

జోజప్పకు కళ్ళనీళ్ళు తిరిగాయి. "కాదమ్మా. ఇది చెప్పుకోనక్కర్లేదు."

శివపార్వతి లేచి, అద్దం మీది గుడ్డ తీసింది. బొట్టు దిద్దుకుంది. రెండు చీరలు, ఆయన లుంగీ, తువ్వాలు సంచిలో కుక్కింది. సుబ్బాయమ్మ నోరు తెరుచుకుని చూస్తోంది.

"పిచ్చెక్కిందటే నీకు?"

"బస్సుకెళ్తాను వదినా."

వసారాలోంచి అంకారావు లోపలికి తొంగిచూసి గోడ గడియారం వంక చూపించాడు. "ఎనిమిది కావస్తోంది, ఇంకెక్కడి బస్సమ్మా? ఆఖరిది ఏడింటికే కదా. ఈపాటికి ఎ.కొండూరు దాటి ఉంటుంది. ఉన్న టాక్సీ విజయవాడలోనే ఉండిపోయె. పొద్దున్నే ఫస్టు బస్సుకి పోదురుగానిలే."

మాట నిజమే. గడియారం ఆమెకు కనపడుతూనే ఉంది. సంచి పక్కన పెట్టుకుని తెల్లవారేదాకా కూర్చుంది. రాత్రంతా ఆమె దగ్గర ఇద్దరు బసవపున్నయ్యలు ఉన్నారు. ఒకాయన కోసం ఆసుపత్రిలో ఏమేం అడగాలో అనుకుంటూ ఉంటే, రెండో ఆయన హాల్లో మంచం తీసేసిన చోట పడుకుని కనపడేవాడు.

తొలిబస్సులో జోజప్ప కూడా వచ్చాడు. మైలవరం దాటాక ఎదురుగా టాక్సీలు, లారీలు వస్తున్నాయి. ఆమె ముందుసీట్లో కూర్చుని రోడ్డు వైపే చూసింది కానీ, వాటిలోకి చూడలేదు. ఆమెకు కావలసింది విజయవాడలో ఉంది.

ఆసుపత్రిలో ఆ మంచం ఖాళీగా ఉంది. ఆయా ఒకామె దుప్పటి తీసి మడుస్తోంది. పేరు అక్కమ్మట.

"తిరువూరాయనా? తెల్లారుజామున పోయాడమ్మా. మళ్ళీ వచ్చింది నొప్పి. వాళ్ళ బావమరిదిగారు ఇందాకే టాక్సీలో తీసుకెళ్ళారు. మీరెదురు పడలేదూ?"

శివపార్వతి మంచం పట్టె మీద కూర్చుంది. అక్కమ్మ ఆమె బొట్టు చూసి, ఎవరో గ్రహించి, దుప్పటి కింద పెట్టేసింది.

"రాత్రి బాగా మాట్లాడాడమ్మా. నవ్వించాడు కూడా. పక్క మంచమాయన వాళ్ళింటికి కబురు పెట్టాలంటే, ఏమని చెప్పాలో ఈయనే చెప్పాడు. మెత్తగా చెప్పమన్నాడు."

"మజ్జిగ తాగారా?"

"ఆ, తాగాడుగా! పల్చగా ఉందని తిట్టుకున్నాడు కూడా."

ఆమె ఇల్లు చేరేసరికి మిట్టమధ్యాహ్నం. ఆయన హాల్లో ఉన్నాడు. ఊళ్ళోవాళ్ళంతా ఉన్నారు. లేనిది ఆమె ఒక్కతే. జగన్నాథరావు ఎదురొచ్చి కావలించుకుని ఏడ్చాడు. "తెల్లారకముందే కాల్ బుక్ చేశానక్కా. నువ్వు బయల్దేరకుండా ఆపుదామని. ఎంతసేపు మోగినా ఎవరూ ఎత్తడం లేదని ఎక్స్ఛేంజివాళ్ళు చెప్పారు." ఆమె వింది. మూసిన కొట్లో మోగిన ఆ మోత మీద కోపం తెచ్చుకోవాలో, తాళం వేసిన జోజప్ప మీద తెచ్చుకోవాలో, మజ్జిగ తాగాడంటే నమ్మని తన మీద తెచ్చుకోవాలో తేలలేదు.

దినాలయ్యాక ఫోను తీసేయించమని చాలామంది చెప్పారు. ఆమె తీయించలేదు. ఎందుకు ఉంచావని సుబ్బాయమ్మ అడిగితే, ఏమో అంది. కొట్టు నడపడానికి తనే వెళ్ళి కూర్చుంది. బస్తాల మీద ఫోను కోసం కాచుకున్నవాళ్ళు మామూలుగానే వచ్చారు. మామిడి అయిపోయి మిరప విత్తనాలు అడిగేవాళ్ళు మొదలయ్యారు.

మొదటి చావుకబురు వచ్చినప్పుడు ఉన్నదున్నట్టు చెప్పాలని గట్టిగా అనుకుంది. పెనుగొలను నుంచి తిరువూరుకు కాపురానికి వచ్చిన సరోజినీదేవికి అన్నగారు పోయారు. శివపార్వతే వాళ్ళింటికి వెళ్ళి, పక్కన కూర్చుని, "మీ అన్నయ్యగారు పోయారమ్మా," అని చెప్పింది. సరోజినీదేవి నిలువునా కూలిపోయింది. తెలివి రావడానికే పొద్దుపోయింది. దహనానికి అందలేదు. "ఆ పున్నయ్యగారుంటే మా దాన్ని నడిపించుకుని బస్సెక్కించేవాడు. ఈవిడది రాతిగుండె," అన్నారు వాళ్ళవాళ్ళు.

తర్వాత శౌరయ్య అనే కూలి మనిషి తండ్రి ఖమ్మం ఆసుపత్రిలో చనిపోతే, ఆమె నోట అనుకోకుండా నలత అన్న మాట వచ్చేసింది. శౌరయ్య చేతిలో పని పూర్తిచేసుకుని నింపాదిగా వెళ్ళాడు. తిరిగొచ్చి కొట్టు ముందు నిలబడి అరిచాడు. "ఉన్నమాట చెబితే అప్పటికప్పుడు లారీ ఎక్కేవాణ్ణి కదమ్మా! కడసారి ముఖం చూసేవాణ్ణి. మీకు జరిగింది మర్చిపోయారా?"

శౌరయ్య వెళ్ళాక జోజప్ప నెమ్మదిగా అడిగాడు. "ఇక మీదట ఏమని చెప్పమంటారమ్మా?"

"నాకూ తెలియడం లేదు జోజప్పా. వాళ్ళ ముఖం చూసి చెప్పు."

"ముఖం చూస్తే నాకేం చెప్పబుద్ధి కాదమ్మా."

"నాకూ అంతే."

వానలు వెనకబట్టిన రోజుల్లో ఒక సాయంత్రం జ్ఞానమణి టీచరు కాల్ కోసం కొట్టుకు వచ్చింది. ఆడపిల్లల బళ్ళో పాఠాలు చెప్పి రోజూ సాయంత్రం బస్సులో ఎ.కొండూరు వెళ్ళిపోయే మనిషి. ఆ కొట్లోకి రావడం అదే మొదలు. రేపు ఇన్‌స్పెక్షను ఉంది, ఇవాళ ఆలస్యమవుతుంది, మా ఊరి మిల్లుకి ఒక్క మాట చెప్పి పెడతాను అంది. కాల్ బుక్ చేసి బస్తా మీద కూర్చుంది.

"ఇంతకుముందు ఒకసారి వచ్చానండీ ఇలాగే. అప్పుడు కొట్టు కట్టేసి ఉంది. తలుపు కూడా కొట్టాను. లోపల ఎవరూ లేరు. తర్వాత తెలిసింది, ఆ రోజే కదా మీ... పాపం." కొంగుతో నోరు కప్పుకుంది. "నాకు తెలియదండీ. తెలిస్తే తలుపు కొట్టేదాన్ని కాదు."

"ఫరవాలేదమ్మా. అప్పుడూ ఆలస్యమైందా?"

"బడి తెరిచిన కొత్త కదండీ. అడ్మిషన్ల పనుండి ఏడింటి విజయవాడ ఆఖరి బస్సు దాకా ఉండిపోయా. తీరా ఎక్కి కూర్చున్నాక టైరు పోయింది. స్టెప్నీ చూస్తే అదీ బాగాలేదు. ఇంట్లో కంగారు పడతారని ఫోను చేద్దామని ఇటు పరుగెత్తుకొచ్చా. మళ్ళీ వెళ్ళి బస్టాండులోనే కూర్చున్నానండీ. ఎక్కడినుంచో టైరు తెచ్చి బిగించి, బస్సు కదిలేసరికి సినిమా హాల్లో మొదటాట వదిలారు."

శివపార్వతి చేతులు బల్ల మీద కదలకుండా ఉన్నాయి.

"జనం ఎక్కువున్నారా అమ్మా బస్సులో?" అని అడిగింది.

"ఎక్కడండీ! చాలామంది విసుగొచ్చి దిగిపోయారు. సగం సీట్లు ఖాళీయే."